ఒక అంచుకే జిగురు

2013 జూలై 8, సోమవారం

దీపం పెట్టాను. నాన్న పుస్తకాల పెట్టె మీద దుమ్ము తుడిచాను. తెరవలేదు.

నీలవేణి సర్పంచి పదవికి నామినేషన్ వేస్తుందట. నా చెల్లెలి సంగతి నాకు ఐసు బండి దగ్గర తెలిసింది.

జూలై 9, మంగళవారం

అడుగుదామనుకున్నాను. అదే వచ్చింది. శ్రీకాకుళం బజారులో చేపలు అమ్ముకుని వచ్చి, ఖాళీ తట్ట గుమ్మం బయట బోర్లించి, కాళ్ళు కడుక్కుని కూర్చుంది.

"అప్పా, నాను ఏత్తన్నాను."

"పెద్దలు దానమ్మ పేరు అనుకున్నారు కదా."

దానమ్మ మా కులపెద్ద చినబాబు భార్య. ఈసారి ఆడవాళ్ళ సీటని తెలిసిన రోజే అయిదుగురు పెద్దలు రామకోవెల అరుగు మీద కూర్చుని, పోటీ లేకుండా ఆమేనని తేల్చేశారు. ఆ అయిదుగురిలో మా తమ్ముడు కూర్మయ్య కూడా ఉన్నాడు.

"దానమ్మొదిన్ని ఎవులైనా అడిగారేటి? పోయిన మాటు లక్ష్మీనరసమ్మ పిన్నిని కూకోబెట్టారు. ఒక్కనాడైనా పంచాయతీ ఆఫీసు గుమ్మం తొక్కిందా? ఏలిముద్రకి కాయితాలే ఇంటికొచ్చీవి. సేపలారబెట్టుకోడానికి గచ్చు కావాలని ఎన్ని మాట్లు అడిగాం? ఇసకలోనే ఎండబెడతన్నాం. ఇసకతోటే తింటన్నారు జనాలు."

నేను నవ్వాను. అది నవ్వలేదు.

"నాకు పద్దెనిమిది నిండిన ఏడాదే ఓటొచ్చింది. నాన్న పుస్తకంలో నువ్వే అంటించినావు కదా, అరవయ్యొకటో సవరణ అని. లేపోతే ఇరవయ్యొకటి దాకా ఆగాల. ఇప్పుడు ఆడోళ్ళకి కుర్సీ వచ్చింది. అది ఎన్నోదీ?"

"డెబ్బయి మూడు," అన్నాను.

"అదీ. దిల్లీలో రాసి ఇచ్చిన కుర్సీని మనోళ్ళు కోవెల కాడ కూకుని ఎనక్కి తీసీసుకుంటే ఎలగ?"

"ఊరుకోరు వాళ్ళు."

"ఏటి సేత్తారు? వెలేత్తారా? ఆ రోజులు పోయాయి."

తులసికోటకి నీళ్ళు పొయ్యాలని లేచాను. పోశాక గుర్తొచ్చింది, పొద్దుటే పోశానని.

జూలై 11, గురువారం

కూర్మయ్య గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు.

"అప్పా, పుస్తకం బయటికి తీసి ఉంచు. కావాల్సొస్తాదేమో."

తాళం కనపడడం లేదన్నాను.

పెట్టెలో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి దేశానిది, ఒకటి మా పేటది.

నాన్న కళింగపట్నం రేవు ఆఫీసులో గుమస్తా. రూల్సు మారినప్పుడల్లా పైనుంచి వచ్చే చీటీలను రూల్సు పుస్తకంలో అంటించడం ఆయన పని. ఆ పనిని ఇంటికి తెచ్చాడు. తెలుగులో ఉన్న రాజ్యాంగం పుస్తకం ఒక ప్లీడరు గారి దగ్గర సంపాదించి, సవరణ వచ్చినప్పుడల్లా తన చేత్తో చీటీ రాసి అంటించేవాడు. కోవెల దగ్గర పదిమందికి చదివి వినిపించేవాడు. వలలు బాగుచేసుకుంటూ వినేవారు. పేట కట్టుబాట్ల పుస్తకం కూడా ఆయనే రాసేవాడు. దానికీ అదే పద్ధతి.

మైదా జిగురు. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం. చీటీకి పై అంచునే రాయాలి. మిగతా మూడు అంచులూ వదిలెయ్యాలి. చీటీ ఎత్తితే కింద పాత మాట చదువుకునేట్టు ఉండాలి.

"పాత మాట సావకూడదే గున్నీ. ఏటి మారిందో తెలియాలంటే ఏటుండేదో అగుపడాల," అనేవాడు.

నలభై రెండో సవరణ వచ్చిన ఏడు మూడు రోజులు జిగురు కాచాము. రెండేళ్ళకి నలభై నాలుగు వచ్చి అందులో చాలా మాటలు మళ్ళీ మార్చింది. చీటీ మీద చీటీ. పుస్తకం ఉబ్బిపోయి మూతపడేది కాదు. నాన్న దాని మీద రుబ్బురోలు పొత్రం పెట్టేవాడు. నీలవేణి అప్పటికి ఎనిమిదేళ్ళది. జిగురు గిన్నె పట్టుకునేది.

మా ఆయన సముద్రంలో పోయాక నేను ఇంటికి వచ్చేశాను. నాన్నకి పక్షవాతం వచ్చింది. అక్షరం బాగుంటుందని పేట పుస్తకం నాకిచ్చారు. ఏ మాటైనా అందులో ఎక్కాలి, రాసినవాళ్ళే దాన్ని కోవెల ముందు చదవాలి. అప్పుడే పేటలో ఆ మాట నిలుస్తుంది. పెద్దలు చెబుతారు, నేను రాస్తాను.

నా పని రాయడమే.

జూలై 12, శుక్రవారం

సహస్రనామంలో రెండుచోట్ల తప్పాను. ముప్పై ఏళ్ళుగా తప్పలేదు.

జూలై 13, శనివారం

నీలవేణి నామినేషన్ వేసింది. దాని మొగుడు గణపతిరావు కూడా వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

సాయంత్రం చినబాబు వచ్చాడు. మంచినీళ్ళు ఇచ్చాను. చెంబు పైకెత్తి తాగి, కండువాతో మూతి తుడుచుకున్నాడు.

"గున్నప్పా, నీ సెల్లెలికి సెప్పు. పదిహేడో తారీకు మూడు గంటల దాకా ఎనక్కి తీసుకోడానికి టైముంది. ఆ పొద్దుట కోవెల కాడ కూకుంటాం. అప్పటికీ దిగకపోతే వెలి."

"నా చెల్లెలు, చినబాబూ."

"తెలుసు. అందుకే నీ నోట ఇనాల. నువ్వే రాయాల, నువ్వే సదవాల." చెంబు కింద పెట్టాడు. "నాకేటి సరదా అనుకున్నావా? ఓట్లంటూ వత్తే పేట రెండైపోతాది. పార్టీలోళ్ళు దూరతారు. రేపు సముద్రంలో ఒకడి బోటు బోల్తా పడితే ఇంకొకడు సూసి ఎల్లిపోతాడు. అదీ నా బయం."

అది అబద్ధం కాదు.

"వెలి పుస్తకంలో ఉన్నదే కదా," అన్నాడు లేస్తూ. "మా అయ్య దినాల్లో నువ్వే రాసినావు."

చెంబు తోమి బోర్లించాను.

జూలై 14, ఆదివారం

ఇంకా వెలి పడలేదు. అయినా బజారుకెళ్ళే ఆటోలో నీలవేణికి చోటు లేదన్నారు. రోజూ ఎనిమిదిమంది ఎక్కే ఆటో, ఇవాళ ఆరుగురికే నిండిపోయింది. తట్ట నెత్తిన పెట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచింది. చేపలు మెత్తబడిపోయాయి.

తిరిగొచ్చి నా దగ్గర కూర్చుంది.

"అప్పా, నారాయణమ్మ గుర్తుందా?"

"ఊఁ."

"కొత్తవలస స్టేషను కాడ ఎండుసేపలమ్ముతాదట. ఆవిడ్ని ఎందుకు వెలేసారు?"

"మొగుడు బోటు మీద పోయినప్పుడు పెద్దలకి చెప్పకుండా పోలీసుల దగ్గరికి వెళ్ళింది."

"అది తప్పేటి?"

"పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో ఎవులు రాసారు?"

"పెద్దలు చెప్పారు," అన్నాను.

అది అడిగింది అది కాదు.

జూలై 15, సోమవారం

తాళం దేవుడి అరలో, కూర్మనాథస్వామి పటం కింద ఉంది. నేనే పెట్టాను. ఇన్నాళ్ళూ రోజూ ఆ పటానికి పువ్వు పెడుతూనే ఉన్నాను.

పెట్టె తీశాను. వెలి పేజీ తీశాను. ఇక్కడైనా రాసుకుంటాను. ఇది ఎవరూ చదివేది కాదు.

మొదట ఉన్న మాట తాతల నాటిది. పెద్దల మాట దాటినవాళ్ళకి వెలి: నిప్పు, నీళ్ళు, బోటు, పలకరింపు ఉండవు.

1979లో నాన్న దాని మీద చీటీ వేశాడు. నలభై నాలుగో సవరణ చదివిన రోజుల్లో. ఎమర్జెన్సీ వచ్చినా సరే, మనిషి ప్రాణం, స్వేచ్ఛ కాపాడమని కోర్టుకి వెళ్ళే దారి మూయకూడదని అందులో ఉందని కోవెల దగ్గర చెప్పాడు. "దేశానికే లేని హక్కు మన పేటకుంటాదేటి? నీళ్ళాపడానికి మనమెవులం?" అన్నాడు. నెలరోజులు వాదించాడు. చివరికి అందరూ ఒప్పుకున్నారు. చీటీలో ఇలా ఉంది: వెలి రద్దు. ఈ మాట మార్చాలంటే పేటలో ఈడు వచ్చినవాళ్ళు, ఆడా మగా, ముగ్గురిలో ఇద్దరు చేతులెత్తాలి. మూడింట రెండు వంతుల లెక్క కూడా రాజ్యాంగంలోంచే తెచ్చుకున్నాడు. దాన్ని ఎలా మార్చాలో కూడా దాన్లోనే రాసుందని మురిసిపోయేవాడు. కింద పెద్దల వేలిముద్రలు ఉన్నాయి.

1986లో నారాయణమ్మ పోలీసుల దగ్గరికి వెళ్ళింది. చినబాబు తండ్రి, ఇంకో నలుగురు మా ఇంటికి వచ్చారు. నాన్న మంచంలో ఉన్నాడు, మాట పడిపోయింది. వెలి మునుపటిలాగే ఉండును అని రాయమన్నారు. రాశాను. అంటించబోతే చినబాబు తండ్రి అన్నాడు, "నాలుగు పక్కలా రాసీ జిగురు. కింద మాట అగుపడకూడదు."

నాలుగు పక్కలా రాశాను.

చేతులెత్తాలన్న మాట నేను చదవలేదా? చదివాను. అంటించే ముందు చదివాను. నా వయసు ఇరవై తొమ్మిది. చిన్నపిల్లని కాదు. మొగుడు లేనిదాన్ని, ఆ పెద్దలు ఊఁ అంటేనే పేటలో బతికేది. అది నిజమే. నారాయణమ్మ కూడా మొగుడు లేనిదే. అదీ నిజమే.

కోవెల ముందు చదివాను. రద్దయిన సంగతి గుర్తున్నవాళ్ళు కూడా పెద్దలకి ఎదురు చెప్పలేదు. వారం రోజులు ఆమె గుమ్మం ముందు ఎవరూ నడవలేదు. ఎనిమిదో రోజు పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది. మా గుమ్మం ముందునుంచే వెళ్ళింది. నేను లోపల జపం చేసుకుంటున్నాను.

ఆ సాయంత్రం నాన్న బాగున్న చేత్తో పుస్తకం అడిగాడు. ఒళ్ళో పెట్టాను. చీటీ అంచులు గోరుతో లేపి చూశాడు. ఒక పక్క, ఇంకో పక్క, కింద. లేవలేదు. నావైపు చూశాడు. పుస్తకం మూసేశాడు.

ఆ తర్వాత బతికిన ఎనిమిదేళ్ళూ, నేను అంటించిన ప్రతి చీటీ అంచూ గోరుతో లేపి చూసేవాడు. అరవై ఒకటి, డెబ్బయి మూడు, అన్నీ. అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

జూలై 16, మంగళవారం

గణపతిరావు బోటులో వెళ్ళే నలుగురిలో ముగ్గురు ఇవాళ రాలేదు. ఒకడికి కడుపునొప్పి, ఒకడికి పెళ్ళిచూపులు, ఒకడు ఏమీ చెప్పలేదు. బోటు ఇసకలోనే ఉంది.

మధ్యాహ్నం నీలవేణి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"అప్పా, ఎనక్కి తీసీసుకోనా?"

కూర్చోమని పీట వేశాను.

"నాకు బయం కాదు. నీ నోటితోటి నా పేరు సదివిస్తారట. అది నాను సూడలేను. నువ్వు ఊఁ అను సాలు, రేపు పొద్దుట ఎల్లి సంతకం పెట్టీసి వత్తాను."

ఊఁ అంటే చాలు. పుస్తకం విప్పక్కరలేదు. ఎవరికీ ఏదీ తెలియదు. దేవుడే దారి చూపించాడనుకోవచ్చు. అనుకున్నాను కూడా. ఎంతసేపు అనుకున్నానో రాయలేను.

"రేపు కోవెల దగ్గరికి రా," అన్నాను.

"వత్తే?"

"రా. అంతదాకా సంతకం పెట్టకు."

అది వెళ్ళాక బియ్యం ఎసరు పెట్టాను. ఆవిరి మీద పేజీ పట్టుకున్నాను. ముందు కింద అంచు లేచింది. వేళ్ళు కాలాయి. పాత మైదా, చిన్న చిన్న నీలం పొరలుగా ఊడింది. చీటీ చిరగకుండా వచ్చింది. నాన్న అక్షరాలు కొంచెం పసుపు తిరిగాయి. అంతే. వేలిముద్రలు అలాగే ఉన్నాయి.

అన్నం మాడింది.

జూలై 17, బుధవారం

తలస్నానం చేశాను. దీపం పెట్టాను. ఏమీ కోరుకోలేదు.

తొమ్మిదికి కోవెల దగ్గరికి వెళ్ళాను. పెద్దలు అరుగు మీద, మగవాళ్ళు కింద. ఆడవాళ్ళు ఎప్పటిలాగే దూరంగా కుళాయి దగ్గర బిందెలతో. నీలవేణి వాళ్ళ మధ్య నిలబడింది, కానీ దాని చుట్టూ జానెడు ఖాళీ ఉంది. దానమ్మ కూడా అక్కడే ఉంది.

"నీలవేణీ, ఎనక్కి తీసుకుంటావా?" అన్నాడు చినబాబు.

"నేదు అన్నా."

"గున్నప్పా, ముందు కట్టుబాటు సదువు. తరవాత పేరు రాద్దువు."

చదివాను. మొదట తాతల నాటి మాట. తలలూపారు. తరవాత 1979 చీటీ. వెలి రద్దు అని చదివేసరికి ఎవరో దగ్గారు.

"అదెక్కడిది?" అన్నాడు కూర్మయ్య.

"నాన్నది. దీని మీద 1986లో నేను ఇంకో చీటీ అంటించాను. ఇదిగో." చేతిలో ఉన్నది చూపించాను. "ఇది చెల్లదు. పేట చేతులెత్తాలని కింద రాసుంది. ఎత్తలేదు. అయిదుగురు చెప్పారు, నేను రాశాను. చెల్లదని తెలిసే రాశాను. నాలుగు పక్కలా జిగురు పెట్టాను."

"అప్పా, కూకో," అన్నాడు కూర్మయ్య మెల్లగా.

"నిలబడే చదవాలి కదరా," అన్నాను.

చినబాబు దిగి వచ్చాడు. చీటీ కింద వేలిముద్ర మీద వేలు పెట్టాడు. "ఇది ఎవులిది?"

"మీ అయ్యది. రద్దు చేసినప్పుడు వేసింది."

తండ్రి వేలి పక్కన తన వేలు పెట్టి చూసుకున్నాడు. తరవాత అరుగు వైపు తిరిగాడు.

"సరే. అప్పుడెత్తనేదు కాబట్టి ఇప్పుడెత్తిద్దాం. నీలవేణికి వెలి అన్నోళ్ళు సేతులెత్తండి."

మగవాళ్ళవి లేచాయి. అన్నీ కాదు, చాలానే. కూర్మయ్య చెయ్యి సగం దాకా లేచి, అక్కడినుంచి తల గోక్కోవడానికి వెళ్ళింది.

"ఆడా మగా అని రాసుంది," అన్నాను.

"ఆడోళ్ళకి కోవెల కాడ సెయ్యేటి?" అన్నాడెవడో. కొందరు నవ్వారు.

"ఓట్లప్పుడు ఆ సెయ్యే కావాల్సొచ్చింది కదరా నీకు," అంది కుళాయి దగ్గరినుంచి లక్ష్మీనరసమ్మ పిన్ని. అయిదేళ్ళు సర్పంచిగా ఉన్న మనిషి, కోవెల దగ్గర మాట్లాడగా మొదటిసారి విన్నాను. ఈసారి నవ్వింది ఆడవాళ్ళు.

అందరూ దానమ్మవైపు చూశారు. ఆమె ఎత్తితే ఎత్తుతారు. ఆమె రెండు చేతులూ బిందె మీద ఉన్నాయి.

"దానీ," అన్నాడు చినబాబు. గట్టిగా అనలేదు.

"నిలబడమన్నప్పుడు నన్నడగనేదు. ఇప్పుడడుగుతన్నావు," అంది దానమ్మ. "బిందె బరువుగా ఉన్నాది. నానెత్తను."

బిందె ఖాళీదే. కుళాయి ఇంకా రాలేదు.

నలుగురు ఆడవాళ్ళు చేతులెత్తారు. కూర్మయ్య లెక్కపెట్టాడు. పైకీ కిందకీ రెండుసార్లు. ముగ్గురిలో ఇద్దరు కాదు, ముగ్గురిలో ఒకరికి కూడా తక్కువే వచ్చింది.

చినబాబు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"పుస్తకం నీ దగ్గర ఉండడానికి నేదు గున్నప్పా. ఇన్నేళ్ళూ మమ్మల్ని మోసం సేసినావు."

"నిజమే. పుస్తకం ఇస్తాను. రాసిన తప్పు దిద్దడానికి వారం రోజులియ్యి."

ఇచ్చాడు.

మూడు గంటలకి నీలవేణి ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని చేపలు కడుగుతోంది. గణపతిరావు సెల్‌ఫోనులో టైము చూసి పైకి చెప్పాడు. మూడూ అయిదు. మూడూ పది. అది తల ఎత్తలేదు.

జూలై 18, గురువారం

ఆటోలో నీలవేణితో కలిపి ఎనిమిదిమందీ ఎక్కారు. నన్ను మాత్రం ఇద్దరు పలకరించలేదు. వాళ్ళిద్దరూ నారాయణమ్మ తరఫు చుట్టాలు.

జూలై 23, మంగళవారం

ఓట్లు అయ్యాయి. సాయంత్రానికి లెక్క తేలింది. నీలవేణి ఓడిపోయింది. నలభై ఒక్క ఓట్లు తేడా. దానమ్మ గెలిచింది.

చీకటి పడకముందే దానమ్మ నీలవేణి ఇంటికి వచ్చిందట. "గచ్చుకి అర్జీ ఎలగ రాయాలో నువ్వు సెప్పు, సంతకం నేర్సుకుంటన్నాను," అందట. నీలవేణి ఏడ్చి, నవ్వి, టీ పెట్టిందట.

జూలై 24, బుధవారం

మైదా కాచాను. మైలుతుత్తం చిటికెడు.

నీలవేణి వచ్చి గిన్నె పట్టుకుంది, చెప్పకుండానే. నలభై రెండేళ్ళది. 1986 చీటీ చూసి, "ఇంకా ఎందుకప్పా ఇది? పొయ్యిలో పారీ," అంది.

"వద్దు."

"సిగ్గుగా నేదేటి నీకు?"

"ఉంది. అందుకే."

ఆ చీటీని మళ్ళీ దాని చోటే అంటించాను. పై అంచుకే. దాని మీద కొత్త చీటీ వేశాను. ఇలా రాశాను:

1986 నాటి చీటీ చెల్లదు. పేటని అడగలేదు. అడగాలని తెలిసే రాసింది దాలయ్య పెద్ద కూతురు గున్నమ్మ. దీనివల్ల నారాయణమ్మ, ఆమె పిల్లలు పేట విడిచి వెళ్ళారు. వాళ్ళు ఏ తప్పూ చేయలేదు.

ఆరాక గోరుతో అంచులు చూశాను. ఒక పక్క, ఇంకో పక్క, కింద. మూడూ లేచాయి.

సాయంత్రం కోవెల ముందు చదివాను. ఎక్కువమంది లేరు. చినబాబు ఉన్నాడు. పుస్తకానికి చెయ్యి చాపాడు. రేపు సాయంత్రం ఇస్తానన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమదాలవలసలో పొద్దుటి పాసింజరు ఎక్కితే ఎండ ముదరకముందే కొత్తవలస. నీలవేణి వస్తానంది. వద్దన్నాను. రాసినదాన్ని నేనే, నేనే చదవాలి. నారాయణమ్మ తన తట్ట ముందు కూర్చుని ఉంటుంది. వింటుందో లేచి వెళ్ళిపోతుందో నాకు తెలియదు.

నిలబడి చదువుతాను.